పరిశోధకులను నాయకులుగా మలచిన జూలియన్ సమోరా

అణగారిన కులాల నుంచి విశ్వవిద్యాలయాలకు వచ్చి పీహెచ్‌డీ పట్టా పుచ్చుకుంటున్న మొదటి తరం పరిశోధకులు నేడు మన మధ్య చాలామందే ఉన్నారు. కూలి రేట్లు, హాస్టళ్ల స్థితిగతులు, అసైన్డ్ భూముల అన్యాక్రాంతం, శ్మశాన స్థలాల వివాదాలు, పాకీపని వంటి అంశాలపై వారు ఏళ్ల తరబడి శ్రమించి రాసిన సిద్ధాంత గ్రంథాలు గ్రంథాలయాల అరల్లో ఉన్నాయి. అవే అంశాలపై ప్రభుత్వాలు కమిటీలు వేసినప్పుడు మాత్రం ఆ గ్రంథాలను తెరిచి చూసేవారు గానీ, వాటిని రాసినవారిని పిలిచి మాట్లాడేవారు గానీ అరుదు. పరిశోధనకూ ప్రభుత్వ విధానానికీ మధ్యనున్న ఈ అగాధం గురించి ఆలోచించిన ప్రతిసారీ నాకు గుర్తుకొచ్చే పేరు జూలియన్ సమోరా. 1996 ఫిబ్రవరి 2న అమెరికాలోని ఆల్బుకర్కీ నగరంలో కన్నుమూసిన ఈ సామాజిక శాస్త్రవేత్త, మెక్సికన్-అమెరికన్ సమాజం నుంచి పరిశోధకులను తయారుచేయడాన్ని తన ప్రధాన కర్తవ్యంగా పెట్టుకున్నారు. అమెరికాలోని లాటినో మేధావులు ఆయనను తమ తొలి తరం గురువులలో ఒకరిగా గౌరవిస్తారు. తెలుగు పాఠకులకు ఆయన అంతగా పరిచితులు కారు. ఆయన జీవితంలో మనం నేర్చుకోదగిన అంశం ఒకటి ఉందని నమ్ముతూ ఈ వ్యాసం రాస్తున్నాను.

సమోరా పుట్టిన సమాజం గురించి ముందుగా కొంత చెప్పుకోవాలి. 1846-48 యుద్ధంలో మెక్సికోను ఓడించిన అమెరికా, గ్వాడలూపె హిడాల్గో ఒప్పందం ద్వారా నేటి కాలిఫోర్నియాతో పాటు న్యూమెక్సికో, అరిజోనా, కొలరాడోలలోని విశాల భూభాగాన్ని వశం చేసుకుంది. ఆ నేలపై తరతరాలుగా ఉంటున్న స్పానిష్ భాషీయులు ఊరు కదలకుండానే మరో దేశపు పౌరులయ్యారు. కాగితం మీద పౌరసత్వం దక్కినా వారి భూములు క్రమంగా చేజారాయి. ఆ తరువాత మెక్సికో నుంచి బతుకుదెరువు కోసం వచ్చినవారు పొలాల్లో, గనుల్లో, రైలు మార్గాల్లో కూలీలుగా కుదిరారు. టెక్సాస్, కాలిఫోర్నియాలలో అనేక చోట్ల వారి పిల్లలను వేరే బడులలోనో వేరే గదులలోనో కూర్చోబెట్టేవారు. టెక్సాస్‌లోని ఒక కౌంటీలో పాతికేళ్లపాటు స్పానిష్ పేరున్న ఒక్కరిని కూడా జ్యూరీకి పిలవలేదన్న వాస్తవం 1954లో హెర్నాండెజ్ కేసులో సుప్రీంకోర్టు ముందు నిలిచింది. చట్టం లెక్కలో వారు తెల్లజాతివారే. బడి, కచేరీ, సమాధి స్థలం దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క చెల్లేది కాదు. దీనిని కుల వ్యవస్థతో సమానం చేయడం సరికాదు. శుద్ధి, అశుద్ధి భావనల మీద, మత గ్రంథాల ఆమోదం మీద నిలిచిన అంతరాల వ్యవస్థ మనది. జాతి, భాష, కూలి శ్రమ కలగలిసిన ఆధిపత్యం అక్కడిది. అయితే కింద ఉంచబడిన సమూహం గురించి పైనున్నవారే పరిశోధించి, పైనున్నవారే తీర్పు చెప్పే పద్ధతి రెండు చోట్లా ఒకటే.

సమోరా 1920 మార్చి 1న కొలరాడో రాష్ట్రంలోని పగోసా స్ప్రింగ్స్ అనే చిన్న కొండ పట్టణంలో పుట్టారు. తల్లి పెంపకంలో, పేదరికంలో పెరిగారు. ఆ ఊరి పార్కులోకి మెక్సికన్లకు, ఇండియన్లకు, కుక్కలకు ప్రవేశం లేదని ఒక బోర్డు ఉండేదని ఆయన తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. ఇండియన్లు అంటే ఆ నేల తొలి నివాసులైన ఆదివాసులు. వలస పాలనలో మన నగరాల క్లబ్బుల గురించి విన్నవారికి, ఊరి చెరువు దగ్గర ఎవరిని ఆపేవారో ఎరిగినవారికి ఆ బోర్డును వివరించి చెప్పనక్కరలేదు. స్కాలర్‌షిప్ సాయంతో ఆయన అలమోసాలోని ఆడమ్స్ స్టేట్ కళాశాలలో చేరి 1942లో పట్టభద్రులయ్యారు. అక్కడ విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి పోటీచేసి ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. ఆయన గదిలోనే ఉంటున్న సహచరుడు ఆయన మెక్సికన్ అన్న కారణంతో ఓటు వేయలేదని తరువాత తెలిసింది. ఒకే గదిలో పడుకొని, ఒకే బల్ల దగ్గర చదువుకున్న స్నేహం కూడా బ్యాలెట్ పెట్టె దగ్గరికి వచ్చేసరికి జాతి గీత దాటలేకపోయింది. నాయకత్వం అనే అంశం ఆయన మనసులో ఒక శాస్త్రీయ సమస్యగా నాటుకోవడానికి ఇటువంటి అనుభవాలు కారణమై ఉంటాయని నేను అనుకుంటాను.

కొంతకాలం కొలరాడోలోనే హైస్కూలు ఉపాధ్యాయుడిగా పనిచేసిన తరువాత ఆయన ఉన్నత చదువులకు వెళ్లారు. 1953లో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి సామాజిక శాస్త్రం, మానవ శాస్త్రాలలో డాక్టరేట్ పొందారు. ఈ రంగంలో డాక్టరేట్ పొందిన తొలి మెక్సికన్-అమెరికన్‌గా ఆయనను పేర్కొంటారు. ఆయన సిద్ధాంత గ్రంథం రెండు సంస్కృతులున్న ఒక పట్టణంలో అల్పసంఖ్యాకుల నాయకత్వం గురించినది. దాని సారాన్ని మానవ శాస్త్రవేత్త జేమ్స్ వాట్సన్‌తో కలిసి 1954లో అమెరికన్ సోషియలాజికల్ రివ్యూ పత్రికలో ప్రచురించారు. నా దృష్టిలో ఆయన జీవితానికంతటికీ తాళంచెవి ఈ చిన్న అధ్యయనమే.

ఆ అధ్యయనం తేల్చిన విషయం సరళంగా చెప్పాలంటే ఇది. కింది సమూహానికి నాయకుడు కావాలంటే పై సమూహపు భాష, మర్యాదలు, సంస్థల లోగుట్టు తెలిసి ఉండాలి. లేకపోతే ఆ సమూహం కోసం ఏమీ సాధించలేడు. కానీ ఆ భాష, ఆ మర్యాదలు నేర్చుకునే క్రమంలోనే అతడు తనవారికి దూరమవుతాడు. తమను విడిచి అవతలి పక్షం చేరాడని తనవారు అనుమానిస్తారు. అవతలి పక్షం మాత్రం అతణ్ణి పూర్తిగా తన మనిషిగా ఎన్నడూ అంగీకరించదు. నాయకుడు కాగల అర్హత ఎవరికి ఉందో వారికే జనంలో పట్టు సడలుతుంది. స్పానిష్ భాషీయులలో నాయకత్వం బలహీనంగా ఉండటానికి వారి స్వభావమో సంస్కృతో కారణమని ఆనాటి పండితులు తేలికగా తీర్మానించేవారు. సమోరా ఆ బలహీనతను రెండు సమూహాల మధ్యనున్న అధికార సంబంధంలో వెతికారు. రిజర్వుడు నియోజకవర్గాలలో గెలిచినవారి గురించి, ఉద్యోగాలలో పైకి వచ్చినవారి గురించి మన ఉద్యమాలలో దశాబ్దాలుగా సాగుతున్న చర్చ ఎరిగినవారికి ఈ వాదన కొత్తగా అనిపించదు.

డాక్టరేట్ తరువాత ఆయన కొలరాడో విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో బోధించారు. పేదలైన స్పానిష్ భాషీయులు ఆసుపత్రులకు ఎందుకు దూరంగా ఉంటారన్నది ఆ రోజుల్లో వైద్య శాఖల ముందున్న ప్రశ్న. మూఢ నమ్మకాలే కారణమన్న జవాబు సిద్ధంగా ఉండేది. సమోరా మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి, రోగులతో మాట్లాడేటప్పుడు వైద్యులు రోజూ వాడే మాటలు వారికి ఎంతవరకు అర్థమవుతున్నాయో పరీక్షించారు. 1961లో అచ్చయిన ఆ అధ్యయనం, వైద్యులు అతి సాధారణమనుకునే మాటలు కూడా చాలామంది రోగులకు అర్థం కావడం లేదనీ, స్పానిష్ భాషీయుల విషయంలో ఈ ఎడం మరింత ఎక్కువనీ చూపింది. లోపం రోగి సంస్కృతిలో ఉందా, ఆసుపత్రి మాట్లాడే తీరులో ఉందా అన్న ప్రశ్న అప్పుడు కొత్త అర్థం సంతరించుకుంది. ఎవరు ప్రశ్న వేస్తారన్న దానిని బట్టి జవాబు ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ అవసరం లేదు.

1959లో సమోరా ఇండియానా రాష్ట్రంలోని నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరారు. 1985లో పదవీ విరమణ వరకు అక్కడే ఉన్నారు. మెక్సికో సరిహద్దుకు వందల మైళ్ల దూరంలో, మంచు కురిసే ఉత్తరాన ఉన్న కేథలిక్ విద్యాసంస్థ అది. అక్కడి నుంచే ఆయన 1966లో లా రాసా: ఫర్‌గాటెన్ అమెరికన్స్ అనే వ్యాస సంకలనాన్ని వెలువరించారు. ఆయనకు ముందు తరం విద్యావేత్త జార్జ్ సాంచెజ్ 1940లో న్యూమెక్సికో ప్రజల దుస్థితిపై రాసిన గ్రంథం పేరులో కూడా విస్మృత ప్రజలన్న భావమే ఉంది. పాతికేళ్ల తరువాత కూడా ఆ విశేషణం మారలేదు. స్పానిష్ పిల్లలు మందబుద్ధులని తేల్చిన తెలివితేటల పరీక్షల డొల్లతనాన్ని 1930లలోనే ఎండగట్టిన సాంచెజ్, సమోరా సంకలనంలోనూ ఒక వ్యాసం రాశారు. ఒక తరం పరిశోధకుడు మరో తరానికి చేయందించిన సందర్భమది.

అదే ఏడాది ఫోర్డ్ ఫౌండేషన్ మెక్సికన్-అమెరికన్ల పరిస్థితిపై సలహా కోరుతూ ముగ్గురిని నియమించింది. వారు వ్యవసాయ కూలీల ఉద్యమాల నుంచి వచ్చిన పండితుడు ఎర్నెస్టో గలార్సా, బస్తీలలో ప్రజలను సంఘటితం చేసిన అనుభవం గల హెర్మన్ గయేగోస్, సమోరా. నైరుతి రాష్ట్రాల పట్టణాలను, సంఘాలను పరిశీలించి వారు నివేదిక ఇచ్చారు. స్థానిక సంఘాలు అనేకం ఉన్నా, వాటిని కలిపి జాతీయ స్థాయిలో మాట్లాడగల సంస్థ లేదన్నది వారు గుర్తించిన లోటు. దాని ఫలితంగా 1968లో సౌత్‌వెస్ట్ కౌన్సిల్ ఆఫ్ లా రాసా ఏర్పడింది. అదే తరువాత నేషనల్ కౌన్సిల్ ఆఫ్ లా రాసాగా మారి, 2017 నుంచి యునైడోస్ యూఎస్ పేరుతో వాషింగ్టన్‌లో లాటినోల గొంతుగా పనిచేస్తోంది. ఆ సంస్థ స్థాపకులలో ఒకరిగా సమోరా పేరు చరిత్రకెక్కింది. ఒక సంస్థను నిలబెట్టిన మరుక్షణమే ఆయనకు మరో ప్రశ్న ఎదురైంది. ఆ సంస్థ ప్రభుత్వం ముందు పెట్టవలసిన వాస్తవాలను ఎవరు సేకరిస్తారు? అప్పటికి సామాజిక శాస్త్రాలలో డాక్టరేట్ పొందిన మెక్సికన్-అమెరికన్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది మాత్రమే.

ఆ ప్రశ్నకు సమాధానంగా ఆయన 1970ల ఆరంభంలో ఫోర్డ్ ఫౌండేషన్ నిధులతో నోటర్‌డేమ్‌లో మెక్సికన్-అమెరికన్ గ్రాడ్యుయేట్ అధ్యయన కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఆయన పదవీ విరమణ వరకు సాగిన ఈ కార్యక్రమంలో యాభైమందికి పైగా విద్యార్థులు శిక్షణ పొందారు. సంఖ్య చూస్తే చిన్నదే. దాని నిర్మాణంలోనే విశేషమంతా ఉంది. మొదటిది, విద్యార్థులు ఒక్కొక్కరుగా కాక బృందంగా వచ్చేవారు. టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూమెక్సికో వంటి చోట్ల నుంచి వచ్చిన శ్రామిక కుటుంబాల బిడ్డలు ఒకరికొకరు తోడుగా ఉండేవారు. రెండవది, వారు ఒకే శాఖకు పరిమితం కాలేదు. సామాజిక శాస్త్రంతో పాటు చరిత్ర, రాజకీయాలు, ఆర్థిక శాస్త్రం, న్యాయశాస్త్రం వంటి విభాగాలలో చదివేవారు. విధానాన్ని మార్చాలంటే లెక్కలు కట్టగలవారు, చట్టం రాయగలవారు, చరిత్ర చెప్పగలవారు కలిసి ఉండాలన్నది దీని వెనుకనున్న ఆలోచన. మూడవది, సమోరా ఇల్లు ఆ విద్యార్థులకు రెండో ఇల్లయింది. ఆయన సతీమణి బెట్టీ చేతి భోజనం చేస్తూ ఆ బల్ల దగ్గరే వాళ్లు వాదించుకున్నారు. ఇంటికి దూరమై, తమ ముఖంలాంటి ముఖం కనిపించని ఆవరణలో చదువుకునే విద్యార్థికి ఆ భోజనం విలువేమిటో హాస్టళ్లలో చదివిన మనవారికి వేరే చెప్పనక్కరలేదు.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, విద్యార్థులు ఆయన పరిశోధనలో భాగస్వాములయ్యారు. దీనికి మంచి నిదర్శనం, ఆ కార్యక్రమానికి పునాది పడుతున్న రోజుల్లోనే సాగి 1971లో గ్రంథ రూపం దాల్చిన లాస్ మొహాదోస్. నది ఈది దొంగచాటుగా అమెరికాలోకి వచ్చే మెక్సికన్ కూలీలను ఈసడిస్తూ తడిసిన వీపులవాళ్లు అనేవారు. ఆ కూలీల గురించి అంతవరకు మాట్లాడినవారు పోలీసులు, యజమానులు, పత్రికలు. సమోరా బృందం నిర్బంధ కేంద్రాలకు వెళ్లి వందలమంది కూలీలతో స్వయంగా మాట్లాడింది. బృందంలోని విద్యార్థి హోర్హే బుస్తమాంతే కూలీ వేషంలో నది దాటి, సరిహద్దు గస్తీ దళానికి చిక్కి, ఆ అనుభవాన్ని గ్రంథంలో నమోదు చేశారు. మరో విద్యార్థి గిల్బెర్టో కార్దెనాస్ కూడా ఆ అధ్యయనంలో పాలుపంచుకున్నారు. గ్రంథం ముఖపత్రం మీద గురువు పేరు పక్కన శిష్యుల పేర్లు చోటుచేసుకున్నాయి. విద్యార్థి సేకరించిన వివరాలను గురువు తన పేరుతో అచ్చు వేసుకునే అలవాటు ఎక్కడైనా ఉన్నదే. పేరు పంచుకోవడం కూడా శిక్షణలో భాగమని సమోరా ఆచరణలో చూపారు.

ఆ శిష్యుల తరువాతి జీవితాలే ఈ కార్యక్రమానికి ఫలశ్రుతి. బుస్తమాంతే మెక్సికోకు తిరిగి వెళ్లి 1982లో తిహువానా నగరంలో సరిహద్దు సమస్యలపై ఒక పరిశోధన సంస్థను స్థాపించారు. అదే నేటి ఎల్ కొలేహియో దె లా ఫ్రొంతెరా నోర్తె. 2005 నుంచి 2011 వరకు వలస కార్మికుల మానవ హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధిగా పనిచేశారు. ఒకనాడు కూలీ వేషంలో నది దాటిన విద్యార్థి, ప్రభుత్వాలను సంజాయిషీ అడిగే స్థానానికి చేరుకున్నారు. కార్దెనాస్ 1999లో నోటర్‌డేమ్‌కు తిరిగివచ్చి లాటినో అధ్యయనాల సంస్థను నెలకొల్పారు. మిగిలినవారిలో ఆచార్యులు, న్యాయవాదులు, ప్రభుత్వ శాఖల అధికారులు ఉన్నారు. ఇక సమోరా స్వయంగా, మాజీ సెనేటర్ జో బెర్నాల్, ఆల్బర్ట్ పేన్యాలతో కలిసి 1979లో టెక్సాస్ రేంజర్లపై గన్‌పౌడర్ జస్టిస్ అనే గ్రంథం రాశారు. వీరగాథలలో కీర్తి పొందిన ఒక పోలీసు దళాన్ని దాని బాధితుల వైపు నుంచి తిరిగి పరిశీలించిన గ్రంథమది.

ఇక్కడ నా అవగాహన ఒకటి చెప్పాలి. 1953లో సమోరా గుర్తించిన చిక్కుముడికి ఈ కార్యక్రమం ఆయన ఆచరణలో ఇచ్చిన జవాబు. పై సమూహపు భాష నేర్చిన ఒంటరి నాయకుడు రెండు వైపులా పరాయివాడవుతాడు. అదే భాషను ఒక బృందం కలిసి నేర్చుకుంటే, తమ జనంతో నిత్యం క్షేత్ర పరిశోధనలో ముడిపడి ఉంటే, ఆ పరాయితనం చాలావరకు తగ్గుతుంది. కమిటీ గదిలో కూర్చున్నవాడి వెనుక అతణ్ణి సరిదిద్దగల సహచరులుంటారు. అతడు చెప్పే మాటకు ఆధారం చూపగల అధ్యయనాలుంటాయి. నాయకత్వ శిక్షణ అంటే వేదిక మీద మాట్లాడే నేర్పు అని మనం సాధారణంగా అనుకుంటాం. సమోరా దృష్టిలో అది నమ్మదగిన వాస్తవాన్ని సేకరించడం, దానిని సూటిగా రాయడం, నిర్ణయం తీసుకునే చోటికి చేర్చడం, చేర్చిన తరువాత తనవారికి జవాబుదారీగా ఉండటం.

ఈ కృషికి పరిమితి కూడా ఉంది. ఫౌండేషన్ నిధుల మీద, ఒక వ్యక్తి పట్టుదల మీద నిలిచిన కార్యక్రమం 1985లో ఆయన పదవీ విరమణతోనే ముగిసింది. ఆయన శిష్యుడు తిరిగివచ్చి సంస్థను నెలకొల్పేవరకు పద్నాలుగేళ్లు గడిచాయి. ఈలోగా ఇతర విశ్వవిద్యాలయాలు ఆ బాధ్యతను కొంతవరకు అందుకున్నాయి. లాటినో పరిశోధన కేంద్రాలు కొన్ని 1983లో అంతర్ విశ్వవిద్యాలయ కూటమిగా ఏర్పడ్డాయి. 1989లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం సమోరా పేరుతోనే పరిశోధన సంస్థను ప్రారంభించింది. అదే కాలంలో జనగణన కూడా మారింది. 1950, 1960లలో అయిదు నైరుతి రాష్ట్రాలలో ఇంటిపేర్లను బట్టి అంచనా కట్టిన జనాన్ని, 1970లో కొద్దిమందిని మాత్రమే నమూనాగా అడిగిన ప్రశ్నను దాటి, 1980లో దేశమంతటా అందరినీ అడిగి లెక్కించారు. లాటినో సంస్థల ఒత్తిడి లేకుండా ఆ ప్రశ్న పత్రంలోకి వచ్చేది కాదు. తమ లెక్క తాము అడగగలిగిన తరం ఆ సంస్థల వెనుక తయారైంది.

మన వైపు చూస్తే, పరిశోధన విధానంగా మారిన సందర్భాలు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వెనుక, బడ్జెట్ పత్రాలను వడపోసి నిధుల మళ్లింపును అంకెలతో చూపిన దళిత, ఆదివాసీ సంఘాల శ్రమ ఉంది. 2024లో తెలంగాణ ఇంటింటి కుల సర్వే జరిగింది. ఇటువంటి లెక్కలు వచ్చినప్పుడు అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ అంకెలను ఎవరు విడదీసి చదువుతారు, ఉపకులాల మధ్య, స్త్రీ పురుషుల మధ్య, ఊరికీ నగరానికీ మధ్య తేడాలను ఎవరు బయటపెడతారు, ఏ శాఖ ముందు ఏ సిఫారసు ఉంచుతారు అన్నవి రాబోయే సంవత్సరాలలో తేలవలసిన ప్రశ్నలు.

నా దగ్గర పరిశోధన చేసే విద్యార్థులలో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి వ్యక్తులు. వారికి విషయ పరిజ్ఞానం లోటు లేదు, తాము రాస్తున్న జీవితం వారికి పుస్తకాల కంటే ముందే తెలుసు. లేనివి ఫెలోషిప్ సకాలంలో అందుతుందన్న భరోసా, బడ్జెట్ పత్రం చదివే శిక్షణ, మూడు వందల పేజీల సిద్ధాంత గ్రంథాన్ని శాసనసభ్యుడు చదవగల నాలుగు పేజీలుగా మార్చే సాధన, తమలాంటి మరో పదిమందితో కలిసి పనిచేసే అవకాశం. రెండు రాష్ట్రాలలోని విశ్వవిద్యాలయాలు తమ సామాజిక శాస్త్ర, న్యాయ, ఆర్థిక శాస్త్ర విభాగాలను కలిపి ఇటువంటి కార్యక్రమాన్ని ఏర్పాటు చేయడానికి భారీ వ్యయం అక్కరలేదు. అది దాతల దయ మీదనో, ఒక ఆచార్యుని పదవీకాలం మీదనో ఆధారపడకుండా విశ్వవిద్యాలయ బడ్జెట్‌లోనే శాశ్వత పద్దుగా ఉండాలి. సమోరా కార్యక్రమం ముగిసిన తీరు మనకు నేర్పే పాఠం ఇదే. ప్రభుత్వాలు కూడా అణగారిన కులాలకు సంబంధించిన ప్రతి కమిటీలో ఆ కులాల నుంచి వచ్చిన పరిశోధకులను అలంకారానికి ఒకరిని కాకుండా, పనిచేయగల సంఖ్యలో నియమించాలి.

సమోరా పత్రాలు నేడు ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయపు బెన్సన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు వాటిని చదువుకోవచ్చు. ఆయన వదిలివెళ్లిన వారసత్వం ఆ పెట్టెలకంటే ఎక్కువగా ఆయన బల్ల చుట్టూ కూర్చున్న ఆ యాభైమందికి పైగా విద్యార్థులలో, వారు తయారుచేసిన మరో తరంలో ఉంది. మన విశ్వవిద్యాలయాలలో ఇప్పటికే చేరి ఉన్న మొదటి తరం పరిశోధకులకు అటువంటి బల్ల ఒకటి ఏర్పాటు చేయడం మన తరం ఆచార్యుల ముందున్న బాధ్యత.